ఏరేటర్ అలారం బోర్డు: 40 సెకన్లకే మర్చిపోయే చిప్

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకి ప్యానెళ్ళు కట్టే మిత్రులకు,

రాత్రి కరెంటు పోయినా మన అలారం బోర్డు ఫోన్ చెయ్యలేదని మీలో కొందరు చెప్పారు. సిమ్ మార్చండి, యాంటెన్నా పైకి కట్టండి అని మొదట మేమే మిమ్మల్ని తిప్పాం. తప్పు అక్కడ లేదు. బోర్డులో బ్యాటరీ అప్పటికే ఖాళీ. సీరియల్ నంబరు 7తో మొదలయ్యే 180 బోర్డులదీ ఇదే సంగతి. మిగతావాటి జోలికి వెళ్ళక్కర్లేదు.

బోర్డులోని బ్యాటరీని, అంటే 18650 లిథియం సెల్‌ని ఛార్జి చేసే చిప్ మనం ఎప్పుడూ తెప్పించేది దొరక్క, సరఫరాదారు వేరేది పంపాడు. బిల్లులో చిన్నక్షరాల్లో ‘ఈక్వలెంట్’ అని ఉంది, నోటిమాటగా ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే ‘పిన్ టు పిన్ సేమ్ సార్’ అన్నాడు. పిన్నులు సేమే. ఐటూసీ (ప్రాసెసర్ చిప్‌తో మాట్లాడే రెండు తీగల లైను) అడ్రసూ సేమే, రిజిస్టర్ల (చిప్ విలువలు దాచుకునే గళ్ళ) వరసా సేమే. కానీ పాతదాంట్లో వాచ్‌డాగ్ (కాపలా టైమర్) ఆఫ్‌లో ఉండేది, ఇది ఆన్‌లో వస్తుంది. ప్రాసెసర్ 40 సెకన్లు పలకరించకపోతే మనం రాసినవన్నీ చెరిపేసి తన సొంత విలువలు పెట్టుకుంటుంది. చిప్‌కి విలువలు రాసే మన ప్రోగ్రాం, అంటే డ్రైవర్, బోర్డు ఆన్ అయినప్పుడు ఒక్కసారి రాసి ఊరుకునేది. మా టేబుల్ మీద టెస్టు 25 సెకన్లు. అన్నీ పాసయ్యాయి మరి!

ఇన్‌పుట్ లిమిట్, అంటే సప్లై నుంచి లాగే కరెంటుకి హద్దు, మనం పెట్టేది 1.5 యాంపులు, చిప్ సొంతది 500 మిల్లీయాంపులు. బోర్డు మీది మూడు రిలేలూ (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చులు) పట్టి ఉంటే 70 మిల్లీయాంపుల చొప్పున 210, డిస్‌ప్లేకీ ప్రాసెసర్‌కీ 120, మోడెంకి సగటున 150. అంటే 480 అక్కడికక్కడే సరి, సెల్‌కి మిగిలేది 20. సిగ్నల్ బాగోక మోడెం ఇంకాస్త లాగితే ఆ లోటు సెల్ నుంచే పోతుంది. అందుకే పగలూ రాత్రీ ఏరేటర్లు తిప్పే చెరువుల దగ్గరే ముందు బయటపడింది. తెరమీద మాత్రం ‘ఛార్జింగ్’ అనే కనబడేది. ఇన్‌పుట్ చాలక తగ్గించుకుంటున్నానని చిప్ వేరే బిట్‌లో చెబుతుంది, మన డ్రైవర్ ఆ బిట్టు చూడలేదు. అది ఏ చిప్పో చెప్పే ఐడీ రిజిస్టరూ చదవలేదు. చదివి ఉంటే మొదటి బోర్డే ఆగిపోయేది. ఈ రెండూ సరఫరాదారు మీదకి నెట్టలేం.

వాచ్‌డాగ్ ఆపెయ్యడానికి ఒక్క లైను చాలు. అలా చేసి పంపేద్దామా వద్దా అన్న దగ్గరే వారం పోయింది. ఆపేశాక సెల్ మార్చేటప్పుడో, కాంటాక్టర్ (మోటారు పెద్ద స్విచ్చు) పడ్డప్పుడు వోల్టేజి ఒక్కసారిగా ఎగిరే స్పైక్‌కో చిప్ తనంతట తాను రీసెట్ అయితే మళ్ళీ 500 దగ్గరికే వస్తుంది, వాచ్‌డాగూ మళ్ళీ ఆన్ అవుతుంది, ఎవరికీ తెలీదు. కాబట్టి ఆన్‌లోనే ఉంచాం. కొత్త డ్రైవర్ 15 సెకన్లకోసారి నాలుగు రిజిస్టర్లు చదివి, మనం రాసినదానితో పోల్చి, తేడా ఉంటే తిరిగి రాసి, అప్పుడే వాచ్‌డాగ్‌ని తడుతుంది. చూడకుండా తట్టడం ఆపెయ్యడంతో సమానం. ఐటూసీ డేటా లైను కిందికి పట్టుకుపోతే తొమ్మిది క్లాక్ పల్సులిచ్చి విడిపిస్తుంది. ఫాల్ట్ రిజిస్టర్ రెండుసార్లు చదువుతుంది, ఎందుకంటే మొదటిసారి వచ్చేది పాత ఫాల్టు. ప్రాసెసర్ బిగుసుకుపోతే దాని సొంత వాచ్‌డాగ్ 8 సెకన్లకే లేపుతుంది, 40 దాకా రాదు. ఛార్జర్ విలువలు సరిచూశాకే మోడెం ఆన్ అవుతుంది. వరసగా మూడుసార్లు తేడా వస్తే మీకు ఎస్సెమ్మెస్ వస్తుంది.

మీరు చెయ్యాల్సింది: మేం పంపే మైక్రో ఎస్‌డీ కార్డు కరెంటు ఉన్నప్పుడే పెట్టి, బోర్డు రీసెట్ నొక్కండి. మోడెం లైటు వెలిగేదాకా కార్డు తియ్యకండి. ఆరు గంటల తర్వాత సెల్ కొసల మీద మీటరు పెడితే 4.08 నుంచి 4.11 వోల్టుల మధ్య చూపించాలి. పెట్టె ఎండలో కాగుతుందని 4.2 దాకా నింపం. చిప్ 16 మిల్లీవోల్టుల మెట్ల మీద నడుస్తుంది కాబట్టి 4.1 అని రాసినా పడేది 4.096. 4.2 కనబడిందంటే కొత్త డ్రైవర్ ఎక్కలేదన్నమాట, కార్డు మళ్ళీ పెట్టండి. అప్‌డేట్‌కి ముందే ఓసారి సెల్ చూడండి, 2.5 కంటే దిగి ఉంటే దాన్ని ఛార్జికి పెట్టకుండా తీసెయ్యండి. కొత్త సెల్ మా ఖర్చు, కొరియర్ కూడా.

పెద్ద బ్యాటరీ వేసేస్తే పోయేదిగా అని ఇద్దరు ముగ్గురన్నారు. వెయ్యం. నిండని బ్యాటరీ ఎంత పెద్దదైతే ఏం, ఖాళీ అవడానికి ఇంకో నాలుగు రోజులు పడుతుంది, అంతే. మిగిలిన చిప్‌లు పారెయ్యం కూడా, వాటిలో లోపం లేదు. వాటితో కట్టే బోర్డులు ఇకమీద టేబుల్ మీద మూడు రిలేలూ పట్టించి, పది నిమిషాలు నడిపి, రిజిస్టర్లు మళ్ళీ చదివాకే పెట్టెలోకి వెళ్తాయి. దానివల్ల ఈ నెల ఆర్డర్లు వారం ఆలస్యమవుతాయి. ఆగలేనివాళ్ళు చెప్పండి, అడ్వాన్సు వెనక్కి పంపేస్తాం.