వ్యూస్ లెక్కలు రాస్తే సమీక్ష అయిపోతుందా?

సంపాదకుల వారికి,

కిందటి ఆదివారం మీ పత్రికలో కొత్త పాటల గురించి వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆరోజే రాయాల్సింది. కోపంలో రాయడం ఎందుకని ఆగాను. రోజులు గడిచినా కోపం తగ్గలేదు.

పెద్ద కంపెనీల పాటలకు ముప్పావు పేజీ ఇచ్చారు. ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా హిప్ హాప్ పాటలు (లయకు తగ్గట్టు మాటలు పేర్చి చెప్పే ర్యాప్ పాటలు), వీడియోలు విడుదల చేసినవాళ్లందరికీ కలిపి అడుగున ఒక్క పేరా. అందులోనైనా పాట గురించి ఒక్క మాట ఉందా అంటే లేదు. ఒక వీడియోకి ఇన్ని లక్షల వ్యూస్, ఇంకోదానికి అన్ని వేలు, అంతే. వర్స్‌లో, అంటే చరణంలో ఏం చెప్పారు, ఫ్లో, అంటే మాటల నడక ఎక్కడ మారింది, వెనక వినిపించే బీట్‌లో కొత్తదనం ఏమిటి, ఏదీ రాయలేదు. చివర్లో 'కుర్రాళ్ల సరదా' అని ఒక ముద్ర మాత్రం వేశారు. ఆ పేరాలో ఉన్నవాళ్లలో అమ్మాయిలూ ఉన్నారు. పాట మొదలుపెట్టి ఒక్క నిమిషం విన్నా ఆ సంగతి తెలిసేది.

అసలు వ్యూస్‌ని బట్టి పాటను ఎలా తూకం వేస్తారండీ? డబ్బు పెట్టి ప్రకటనగా నడిపించినా వ్యూస్ పెరుగుతాయి. అందుకే 2019లో యూట్యూబే తన మ్యూజిక్ చార్టుల లెక్కలోంచి ప్రకటనల వ్యూస్‌ని తీసేసింది. వీడియోలు చూపించే సంస్థే ఆ అంకెను పూర్తిగా నమ్మనప్పుడు, సంగీతం గురించి రాసేవాళ్లు దాన్నే పట్టుకుని కూర్చుంటే ఎలా?

మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన వీడియోల్లో ఒకటి మొదటినుంచి చివరిదాకా ఒకే షాట్‌లో తీశారు. ఎక్కడా కట్ లేదు. పాట పాడే మనిషి పెదవులు బీట్‌తో తప్పకూడదు, కెమెరా పట్టుకున్న మనిషి అడుగు తప్పకూడదు. ఎవరు తడబడినా మళ్లీ మొదటికి రావాల్సిందే. చివరి వర్స్‌లో బీట్ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోట కెమెరా కూడా ఆగుతుంది. ఎంత ఆలోచిస్తే అలా కుదురుతుంది! ఆ కెమెరా పనివాళ్ల పేరు మీరు వేయలేదు. బీట్ చేసినవాళ్ల పేరు లేదు. మిక్సింగ్ చేసినవాళ్ల ఊసే లేదు. సినిమా పాట అయితే నృత్య దర్శకుడి సహాయకుల పేర్లతో సహా వేస్తారు కదా.

సొంతంగా పాటలు తెచ్చే వీళ్ల కష్టాలు మీకు తెలియవని అనుకోను, పట్టించుకోరనే నా బాధ. చేతిలో డబ్బు లేనివాళ్లు బీట్‌ను పూర్తిగా కొనలేక లీజుకు తీసుకుంటారు. అదే బీట్‌ను ఇంకా చాలామంది లీజుకు తీసుకుంటారు. వాళ్లలో ఒకరు తమ పాటను కంటెంట్ ఐడీలో, అంటే ఎవరి పాట ఏ వీడియోలో ఉందో పట్టే యూట్యూబ్ వ్యవస్థలో నమోదు చేస్తే చాలు, మిగతావాళ్ల వీడియోల మీద 'ఇది మా పాట' అని క్లెయిమ్‌లు పడతాయి. తప్పేమీ లేదని అభ్యంతరం పెట్టుకుంటే, జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజుల గడువు. కొత్త పాటకు ఆ మొదటి నెలే ప్రాణం. ఇక పాటలు వినిపించే యాప్ స్పాటిఫై 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. చిన్నవాళ్ల దగ్గరే కోత పెట్టాలని ఈ సంస్థల్లో ఎవరికి తోచిందో గానీ, దాన్ని ప్రశ్నిస్తూ మీ పేజీలో ఒక్క వార్త నేను చూడలేదు. కంపెనీలు పంపిన ప్రెస్ నోట్లు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వస్తాయి. సంగీత సమీక్ష అనేది ఒకటుండేది, పాట విని రాసేవాళ్లు. ఇప్పుడు పోస్టర్ చూసి రాస్తున్నారు.

సరదా అన్నారు కాబట్టి ఇంకొక మాట. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్, ఆయన చెల్లెలు కలిసి పెట్టిన పార్టీనే హిప్ హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. దాని వెనక ఏ కంపెనీ లేదు. సొంతంగా ఆల్బమ్ తెచ్చిన అమెరికా జోడీ మాకల్‌మోర్, ర్యాన్ లూయిస్ 2014లో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌కు అక్కడి పెద్ద సంగీత అవార్డు గ్రామీ అందుకున్నారు. ఏ లేబుల్‌కీ, అంటే ఏ పాటల కంపెనీకీ సంతకం పెట్టని ఛాన్స్ ద ర్యాపర్, స్ట్రీమింగ్‌లో మాత్రమే దొరికే ఆల్బమ్‌తో 2017లో అదే అవార్డు గెలిచాడు. అలాంటి ఆల్బమ్‌లను పోటీకి తీసుకోవడానికి గ్రామీ వాళ్లు అంతకు ముందు ఏడాదే నిబంధన మార్చుకున్నారు. అంత పెద్ద సంస్థే మారింది, మీ పేజీ మారడానికి ఇంకా ఏం కావాలి?

నేను అందరినీ పొగడమనడం లేదు. బాగాలేని పాటను బాగాలేదనే రాయండి. హుక్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి ఎక్కడో విన్నట్టుంటే అదే చెప్పండి. పూర్తిగా విని చెప్పండి. ఆ పేరాలో మీరు వదిలేసిన బీట్ మేకర్లు, కెమెరా, ఎడిటింగ్ వాళ్ల పేర్లన్నీ ఆయా వీడియోల కింద వివరాల్లోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం సవరణగా వాటిని అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు