కౌమార పాఠకులకు గ్రంథాలయాల్లో ఒక బీరువా కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఉత్తర తెలంగాణలో ఏ ప్రభుత్వ గ్రంథాలయానికి వెళ్లినా పోటీ పరీక్షలకు చదువుకునే యువతీయువకులతో కుర్చీలు నిండి కనిపిస్తాయి. ఇది సంతోషించదగ్గ విషయమే. గదికి అద్దె కట్టలేని నిరుద్యోగికి అంతకు మించిన నెలవు లేదు. కానీ పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు పిల్లలు తమంతట తాము కోరి తీసుకోదగిన తెలుగు నవల అక్కడి బీరువాల్లో దొరకడం అరుదు. బొమ్మల కథల వయసు దాటి, పెద్దల నవలలు ఇంకా రుచించని ఆ నాలుగైదేళ్లకు మనం ఏమీ సిద్ధం చేయలేదు. అదే పిల్లలు ఆరు వందల పేజీల ఇంగ్లీషు ఫాంటసీ నవలను సెలవుల్లో ఏకబిగిన ముగిస్తుంటే, వీళ్లకు చదివే అలవాటు పోయిందని వాపోవడం న్యాయం కాదు.

అమెరికా రచయిత క్రిస్టఫర్ పావొలీని జీవితాన్ని మన గ్రంథాలయాల బాధ్యులు ఒకసారి గమనించాలని నా కోరిక. 1983లో పుట్టిన ఆయన మోంటానా రాష్ట్రంలోని ఒక మారుమూల లోయలో, ఇంటివద్దే తల్లిదండ్రుల దగ్గర చదువుకున్నారు. పదిహేనేళ్లకే హైస్కూలు చదువు ముగించి, డ్రాగన్ గుడ్డు దొరికిన ఒక పల్లె కుర్రవాడి కథ రాయడానికి కూర్చున్నారు. ఆ నవల ‘ఎరగాన్’ను 2002లో ఇంటివాళ్లే సొంత ఖర్చుతో అచ్చు వేయించారు, ముఖచిత్రమూ లోపలి పటమూ ఆయన గీసినవే. తర్వాత ఆ కుర్రవాడు మధ్యయుగపు వేషం కట్టి, వందకు పైగా బడులు, గ్రంథాలయాలు, పుస్తకాల దుకాణాలు తిరుగుతూ తన కథ గురించి తానే చెప్పుకున్నాడు. వేషం కట్టి ఊరూరా కథ చెప్పడం ఒగ్గు కథకులను చూసిన మన జిల్లాలకు వింతేమీ కాదనుకోండి. ఆ పుస్తకం ఒక ప్రతి నవలాకారుడు కార్ల్ హయాసెన్ సవతి కుమారుడి చేతికి చిక్కింది. హయాసెన్ ద్వారా ఆ సంగతి నాఫ్ ప్రచురణ సంస్థకు చేరింది. 2003లో వారు దాన్ని మళ్లీ ప్రచురించగా అది అమ్మకాల జాబితాల్లో పైకెక్కింది.

అందరూ ఈ చివరి ఘట్టాన్నే అదృష్టకథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకు ముందు జరిగినదే ముఖ్యంగా తోస్తుంది. పేరూ ఊరూ తెలియని పిల్లవాడు తానే అచ్చు వేయించుకున్న పుస్తకం చంకన పెట్టుకొని వస్తే, లోపలికి పిలిచి, తోటి వయసు పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టిన గ్రంథపాలకులూ ఉపాధ్యాయులూ అక్కడ ఉన్నారు. మొదటి నవలలో పాత ఫాంటసీల నీడలు ఎక్కువన్న విమర్శ వచ్చింది, అందులో నిజమూ ఉంది. అయినా నాఫ్ సంపాదకులు దాన్ని కత్తిరించి దిద్దించారు. 2005, 2008, 2011 సంవత్సరాల్లో తక్కిన మూడు భాగాలు వెలువడి కథ ముగిసేసరికి రచయితకు 27 ఏళ్లు నిండాయి. అన్నేళ్లు ఒకే లోకాన్ని పట్టుకొని రాయడానికి పట్టుదల ఒక్కటే చాలదు, చదివేవాళ్లూ దిద్దేవాళ్లూ వెంట ఉండాలి.

తెలుగు పిల్లలకు ఇలాంటి రాతలు పట్టవనేవారికి ‘చందమామ’ను గుర్తుచేయక తప్పదు. 1954 నాటి ‘తోకచుక్క’ మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్ల కోసం రెండు తరాల పిల్లలు నెలనెలా ఎదురుచూశారు. ఆ సీరియళ్ల మీద ఆయన పేరు ఉండేది కాదు. మాంత్రికులను, పాతాళ దుర్గాలను తలచుకుంటూ పెరిగినవారిలో చాలామందికి వాటిని సృష్టించినదెవరో తెలియదు. పాఠకులు పుష్కలంగా ఉన్నా రచయితను తెరచాటున ఉంచిన ఆ పద్ధతి నాకు ఎన్నడూ నచ్చలేదు. పావొలీనికి ఆ వయసులో దక్కినది, మనవాళ్లకు ఆ తర్వాత కూడా దక్కనిది, తన పాఠకుల ఎదుట నిలబడే అవకాశం.

కథావస్తువుకు ఇక్కడ కరువు లేదు. నీటిపై తేలే ఇటుకలతో శిఖరం కట్టిన రామప్ప గుడి, మేడారం గద్దెలు, కాకతీయుల కోట తోరణాలు మనకున్నాయి. గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే రాకాసిబల్లి అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. డ్రాగన్‌ను ఊహించడానికి మోంటానా దాకా వెళ్లనక్కరలేదు.

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. వసూలైన ఆ సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో గ్రంథాలయాలకు జమ చేయాలి. దానిలో కొంత భాగాన్ని కౌమార వయసువారి తెలుగు నవలల కోసం జిల్లా గ్రంథాలయ సంస్థలు ప్రత్యేకంగా కేటాయించాలి, పుస్తకాల ఎంపికలో పిల్లల మాటా వినాలి. నిజాం కాలంలో, 1904లోనే, శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయాన్ని స్థాపించుకున్న హనుమకొండకు ఇది భారమైన పని కాదు. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన, ముగ్గుల పోటీలతో సరిపెట్టకుండా, రాసే అలవాటున్న ఇంటర్, డిగ్రీ విద్యార్థులు తమ కథలను బడిపిల్లల ముందు చదివేందుకు ఒక పూట ఇవ్వాలి. వాటిలో బాగున్నవాటిని అనుభవజ్ఞులైన రచయితల చేత దిద్దించే బాధ్యతను తెలంగాణ సాహిత్య అకాడమీ తీసుకోవాలని కూడా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
హనుమకొండ.