ల్యాబ్‌లో డిస్కులు నింపేస్తున్న మీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ అధికారి గారికి,

అయ్యా,

నేను కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. మా పిల్లలు ప్రోగ్రాములు రాసేది మీ సాఫ్ట్‌వేర్‌లోనే. పనితీరు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. గొడవంతా సైజుతోనే.

మీ డౌన్‌లోడ్ పేజీలో 2 జీబీ అని ఉంటుంది. ఇన్‌స్టాల్ మొదలయ్యాక ఒక్కొక్కటే దించుకుంటూ పోయి 30 జీబీ దాటిస్తుంది. అందులో ఫోన్ ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లోనే ఫోన్‌ని నడిపి చూపే ప్రోగ్రాం కూడా ఉంది. మా ఫస్టియర్ పిల్లలు రాసేది ఫిబొనాచీ సిరీస్ లాంటి అంకెల వరుసను ప్రింట్ చేసే చిన్న ప్రోగ్రాం. వాళ్లకి ఎమ్యులేటర్ దేనికండీ? ఎమ్యులేటర్ అంటే ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం డిస్కులోకి రావాలి, జీబీలు పడతాయని నాకూ తెలుసు. యాప్‌లు చేసేవాళ్లకి ఇవ్వండి. ముందే టిక్కు పెట్టేసి అందరి నెత్తినా రుద్దకండి.

డి డ్రైవ్ ఎంచుకున్నా సగానికి పైగా సి డ్రైవ్‌లోనే పడుతోంది. అప్‌డేట్ వస్తే పాత వెర్షన్ ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసినా తాత్కాలిక ఫైళ్లు దాచుకునే క్యాష్ ఫోల్డర్లు కదలవు, వెతికి మరీ చేత్తో తీసేయాలి. హాస్టల్ పిల్లల బాధ ఇంకోటి. వాళ్లకి ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, రోజుకి 1.5 జీబీ డేటా. మధ్యలో నెట్ పోతే మీ ఇన్‌స్టాలర్ మళ్లీ మొదటి నుంచి అందుకుంటుంది. ఇక వాళ్లు ఎప్పటికి దించుకోవాలి?

ఈ సంగతి రాస్తే మీ సపోర్ట్ వాళ్లు 1 టీబీ ఎస్ఎస్‌డీ వేసుకోమని జవాబిచ్చారు. ఆ జవాబు చదివాకే ఈ లేఖ రాయాలనిపించింది. మా మెషీన్లలో ఉన్నవి 256 జీబీవి. విండోస్ 11 పెట్టాలంటేనే కనీసం 64 జీబీ డిస్కు ఉండాలి. కొత్త డిస్కులంటే కొటేషన్లు, మేనేజ్‌మెంట్ సంతకాలు. పిల్లల చవక ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడానికే కుదరదు.

1980లలో వచ్చిన టర్బో పాస్కల్ 3 అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసుకునే ఎడిటరూ, దాన్ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలరూ కలిపి 40 కేబీ కూడా లేవు. మళ్లీ అంతకు దించమని అడగడం లేదు. ఇప్పటి సౌకర్యాలకు చోటు కావాలి, ఒప్పుకుంటాను. కానీ అడగనివాటికి కూడా మా డిస్కులోనే చోటివ్వాలా?

ఎడిటర్, కంపైలర్, తప్పులు వెతికే డీబగ్గర్ మాత్రమే ఉండే చిన్న ప్యాకేజీ ఒకటి ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ల్యాబ్ అంతటా పెట్టుకునేలా ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఉండాలి. ఇన్‌స్టాల్ అయ్యాక మొత్తం ఎంత చోటు పడుతుందో డౌన్‌లోడ్ బటన్ పక్కనే రాయండి. క్యాష్‌ను వేరే డ్రైవ్‌కి మార్చే సెట్టింగ్ కూడా కావాలి.

ఇవన్నీ రావడానికి టైం పడుతుందని తెలుసు. ఈలోగా, మీరు సైట్ నుంచి తీసేసిన పాత వెర్షన్ లింకునైనా మళ్లీ పెట్టండి. మా ప్రాక్టికల్ పరీక్షలు డిసెంబరులో ఉన్నాయి.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌ఛార్జ్,
కాకినాడ