హైడన్ బావని బోల్తా కొట్టించాడు

ఒరేయ్ నానీ,

ఉత్తరం రాయడం ఆలస్యమైంది, తిట్లన్నీ దాచుకో, కలిసినప్పుడు తిడుదువుగాని. అమ్మ మోకాలు పర్లేదు, చెల్లికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, వరండా మళ్లీ కారుతోంది. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

ఆస్ట్రియా స్వరకర్త హైడన్ క్వార్టెట్ (నాలుగు తీగవాద్యాలు కలిసి వాయించే రచన) లైవ్ రికార్డింగ్ ఒకటి దొరికింది. ఆయన 1781లో రాసిన ఆరింట్లో రెండోది, 'జోక్' అని పేరుపడింది చూడు, అది. వాయించినవాళ్లు పాతకాలపు పద్ధతివాళ్లు. స్టీలు తీగలు కావు, గొర్రె పేగు తీగలు. వయొలిన్‌కి గడ్డం ఆనించుకునే చెక్క లేదు, చెల్లోకి (కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిదానికి) కింద ఊచ లేదు, పిక్కల మధ్య ఇరికించుకుని వాయించడమే. శ్రుతి కూడా ఇప్పటిలా సెకనుకి 440 కంపనాలు కాదు, 430 దగ్గర. హాల్లో వేడికి పేగు తీగల శ్రుతి మారిపోతుంది కాబట్టి ఒక్కో భాగం అయ్యాక మళ్లీ శ్రుతి చేసుకోవడం, ఎవరో దగ్గడం (మన సంగీతం మాస్టారి దగ్గు గుర్తొచ్చిందా, అనుపల్లవికి ముందు కచ్చితంగా వచ్చేది!) అన్నీ వినిపిస్తాయి. స్టూడియోలో అయితే అవన్నీ తుడిచేస్తారు.

రెండో భాగం మధ్యలో మొదటి వయొలిన్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారు వేస్తుందిరా, అచ్చం మన కర్ణాటక సంగీతంలో జారు! మామూలుగా చాలామంది దాన్ని మర్యాదగా వదిలేస్తారట. ఇక్కడ ఆవిడ సిగ్గుపడకుండా జార్చేసింది, జనం కిసుక్కుమన్నారు.

అప్పుడే బావ వచ్చి, "ఏంటోయ్ పెళ్లి బ్యాండా?" అంటూ సోఫాలో కూలబడ్డాడు. నేను మాట్లాడలేదు. చివరి భాగం మంచి జోరుగా పోతోంది. హఠాత్తుగా ఆగి, నెమ్మదిగా కాసేపు గంభీరమైన స్వరాలు, మళ్లీ మొదటి పాట, కాకపోతే ముక్కలు ముక్కలుగా. ఒక ముక్క, నిశ్శబ్దం, ఇంకో ముక్క, నిశ్శబ్దం. నాలుగో ముక్కతో పాట పూర్తయినట్టే ఉంటుంది. రికార్డింగులో జనం చప్పట్లు మొదలెట్టారు. బావ లేచి, "హమ్మయ్య" అని స్పీకర్ కట్టేశాడు!

"బావా, అవలేదు" అన్నాను.

"చప్పట్లు కూడా కొట్టారుగా!"

మళ్లీ పెట్టాను. చప్పట్లు తడబడి ఆగాయి, ముందరి వాటికన్నా పొడుగు నిశ్శబ్దం, అప్పుడు మెల్లగా, ఎవరూ వినకూడదన్నట్టు, ఆ పాట మొదటి ముక్క ఒక్కసారి. అంతే, అయిపోయింది! హాలంతా పగలబడి నవ్వింది. బావ కూడా నవ్వాడు, కానీ, "వీడెవడో నాకన్నా దొంగ" అన్నాడు. ఆ రమ్మీ సంగతి నీకూ నాకూ తెలుసు కదా, నవ్వాపుకోలేక చచ్చాను.

ఇది రాసిన 1781లోనే క్రిస్మస్ రోజున వియన్నాలో రష్యా యువరాణి విడిదిలో ఈ ఆరింట్లో కొన్ని వాయించారట. ఆరోజు ఇదీ ఉందో లేదో గానీ, ఉంటే మాత్రం యువరాణి గారే తొందరపడి చప్పట్లు కొట్టేసి ఉంటే ఎంత బాగుంటుంది!

ఇంకోటి, రాత్రంతా ఇదే ఆలోచన. పాశ్చాత్యులకి ఇది జోక్ ఎందుకైందంటే, పాట మొదలుపెట్టే ముక్కతో పాట ముగించాడు, వాళ్ల చెవికి అది ముగింపు కాదు. మనమేం చేస్తాం? చరణం అయ్యాక పల్లవి ఎత్తుగడకి తిరిగొచ్చి అక్కడే ఆపేస్తాం, ఎవడూ నవ్వడు! హైడన్ జోక్ మన మాస్టారికి వినిపించి ఉంటే, "బాగానే ముగించాడు, అందులో నవ్వేందుకేముంది" అనేవారు. అదీకాక నాకేమనిపిస్తుందంటే, ఆ నిశ్శబ్దాల్లో తాళం నడుస్తూనే ఉంది, వాయించేవాళ్లు లోపల లెక్కపెడుతూనే...

బావ కింద హారన్ మోగిస్తున్నాడు, స్టేషన్‌కి వెళ్లాలి. ఫైలు పంపిస్తా, తాళం వేస్తూ విను, ముఖ్యంగా ఆఖరి నిశ్శబ్దం దగ్గర చెయ్యి ఆపకు, నీకు ఎన్ని దెబ్బలు వచ్చాయో రాయి, నాకు వచ్చిన లెక్క తర్వాత చె

వస్తున్నా బావా!