త్రైమాసిక ఫలితాల్లో నగదు లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

మూడు నెలలకొకసారి ఫలితాలు ప్రకటించవలసి రావడం వల్లనే కంపెనీలు లెక్కలు తారుమారు చేస్తున్నాయనీ, ఆరునెలలకొకసారి ప్రకటిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుందనీ ఒక వాదన తరచు వినిపిస్తున్నది. మన హైదరాబాదులో జరిగిన సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం ఉదంతాన్ని గుర్తుచేసుకుంటే ఈ వాదన నిలవదని నా అభిప్రాయం.

2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ఆ కంపెనీ రూ. 2,700 కోట్ల ఆదాయాన్నీ, రూ. 649 కోట్ల నిర్వహణ లాభాన్నీ చూపింది. ఆ ఫలితాలేమీ ఆలస్యంగా రాలేదు, అక్టోబరులోనే వచ్చాయి. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు మోసాన్ని ఒప్పుకుంటూ బోర్డుకు రాసిన లేఖ ప్రకారం అసలు ఆదాయం రూ. 2,112 కోట్లు, అసలు లాభం రూ. 61 కోట్లు. రెండు చోట్లా తేడా సరిగ్గా రూ. 588 కోట్లే. చేయని పనికి జీతాలు, అద్దెలు ఉండవు గనుక కల్పిత ఆదాయమంతా నేరుగా లాభంలో పడింది. ఆ లాభాన్ని ఎక్కడో ఒకచోట సొమ్ముగా చూపాలి గనుక బ్యాంకు నిల్వల్లో చేరింది. ఇలా ఏళ్ల తరబడి పేరుకున్న లేని నిల్వ ఆ సెప్టెంబరు చివరికి రూ. 5,040 కోట్లయింది.

నేను మూడు దశాబ్దాలు బ్యాంకులో పనిచేశాను. మార్చి 31 సాయంత్రం మా శాఖలో నిండుగా కనిపించే డిపాజిట్ల అంకె ఏప్రిల్ మొదటి వారంలోనే పలచబడేది (పెద్ద ఖాతాదారులను బతిమాలి తెచ్చిన సొమ్ము ఎన్నాళ్లుంటుంది!). లెక్క చూసే తేదీ ముందే తెలిస్తే ఆ తేదీకి ముస్తాబు జరుగుతుంది. తేదీల మధ్య ఎడం పెంచితే దాచడానికి మరింత వ్యవధి దొరుకుతుందే తప్ప ముస్తాబు మానరు.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇప్పటి నిబంధనల ప్రకారం త్రైమాసిక ఫలితాలకు 45 రోజులు, ఆడిట్ అయిన వార్షిక ఫలితాలకు 60 రోజులు గడువు. అయితే ఆస్తి అప్పుల పట్టిక, నగదు రాకపోకల పట్టిక ఆరునెలలకొకసారి ఇస్తే చాలు. అంటే జూన్, డిసెంబరు త్రైమాసికాల్లో లాభమెంతో మదుపరికి తెలుస్తుంది గానీ, ఆ డబ్బు ఖాతాలోకి వచ్చిందో, కొన్నవారి వద్ద బాకీగా నిలిచిందో తెలియదు. త్రైమాసికం ఆఖరి వారంలో డీలర్ల గోదాములకు సరుకు తోసి అమ్మకంగా రాసుకునే కంపెనీని పట్టించేది ఆ బాకీల లెక్కే.

కనుక ఆ రెండు పట్టికలనూ నాలుగు త్రైమాసికాలకూ తప్పనిసరి చేయాలని సెబీని కోరుతున్నాను. సత్యంలో నిల్వే కల్పితమైనప్పుడు పట్టిక ఏం చేసేదని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే పెద్ద డిపాజిట్ల విషయంలోనైనా ఆడిటరు బ్యాంకు నుంచే నేరుగా ధ్రువీకరణ తెప్పించుకోవాలన్న నియమం త్రైమాసిక సమీక్షకు కూడా వర్తించాలి.

ఇక ఆగస్టు 14, నవంబరు 14 వంటి ఆఖరి తేదీల్లో పొద్దుపోయాక ఫలితాలు గుంపుగా వచ్చి పడడం, ఆ గుంపులో చెడ్డ ఫలితం ఎవరి కంటా పడకుండా జారిపోవడం మనం చూస్తున్నదే. గడచిన నాలుగు త్రైమాసికాల ఫలితాలు ఏయే తేదీల్లో ఇచ్చారో ప్రతి కంపెనీ ఫలితాల పత్రంలోనే పేర్కొనాలన్న చిన్న నిబంధన పెడితే, ఆ ఆలస్యం అలవాటో, ఈసారి కొత్తగా వచ్చిందో సామాన్య మదుపరి కూడా పోల్చి చూసుకోగలుగుతాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ