అణు కేంద్రాల చుట్టూ సైరన్లు తీసేయొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక అణు విద్యుత్ కేంద్రాల చుట్టూ ఈ సైరన్ స్తంభాలు ఇంకా ఎందుకన్న వాదన కొంతకాలంగా గట్టిగా వినిపిస్తోంది. అమెరికాలో కొన్ని కేంద్రాలు సైరన్లను పక్కనపెట్టి, ఫోన్లకు వెళ్లే సందేశాన్నే ప్రధాన హెచ్చరికగా చేసుకునే దారి పట్టాయి కూడా. స్తంభాల నిర్వహణ భారం తగ్గుతుంది, సందేశంలో ఏం చేయాలో వివరంగా రాయొచ్చు అని వాళ్లంటారు. వివరంగా రాయొచ్చన్నది నిజమే. అయినా సైరన్లు తీసేయడం ప్రాణాల మీదికి తెచ్చే నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో చాలామంది మరిచిపోయారు. 1979 మార్చి 28 తెల్లవారుజామున పెన్సిల్వేనియాలోని త్రీమైల్ ఐలాండ్ రెండో రియాక్టర్‌లో ఇంధనం కొంత భాగం కరిగిపోయింది. చుట్టుపక్కల వాళ్లకు ఎవరు ఏం చెప్పాలో రెండు రోజులు గడిచినా తేలలేదు. మూడో రోజున గవర్నరు, ఐదు మైళ్ల లోపున్న గర్భిణులూ బడి ఈడు రాని పిల్లలూ వెళ్లిపోవడం మంచిదని సలహా ఇచ్చాడు. ఆయన చెప్పింది ఆ కొద్దిమందికే. ఇళ్లు వదిలి వెళ్లింది మాత్రం దాదాపు 1,40,000 మంది. వాళ్లను తప్పుపట్టలేం. మూడు రోజులుగా ఒకరు ఒకటి, మరొకరు ఇంకొకటి చెబుతూ ఉంటే పిల్లలున్న ఏ తల్లి ఇంట్లో కూర్చుంటుంది? ఆ తర్వాతి ఏడాది అమెరికా అణు నియంత్రణ సంస్థ కొత్త నిబంధనలు తెచ్చింది. కేంద్రం చుట్టూ పది మైళ్లు, అంటే సుమారు 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళిక ఉండాలి. హెచ్చరించాలని అధికారులు నిర్ణయించాక పావుగంటలో ఆ కబురు జనానికి చేరే ఏర్పాటు ఉండాలి. సైరన్ స్తంభాలు ఎక్కువగా అప్పుడు లేచినవే.

చెర్నోబిల్ సంగతి అందరికీ తెలుసు. 1986 ఏప్రిల్ 26 రాత్రి 1 గంట 23 నిమిషాలకు రియాక్టర్ పేలితే, పక్కనే ఉన్న ప్రిప్యాత్ పట్టణాన్ని మర్నాడు మధ్యాహ్నం దాకా ఖాళీ చేయించలేదు. మధ్యలో వచ్చిన శనివారం పిల్లలు బడికి వెళ్లారు, పెద్దలు బజారుకు వెళ్లారు. అక్కడ కబురు చేరవేసే సాధనం లేక కాదు, ఇంటింటా రేడియో ఉంది. చెప్పాలన్న నిర్ణయం జరగలేదు. దానికి ఏ యంత్రమూ మందు కాదు కాబట్టి ఆ చర్చ ఇంతటితో వదిలేస్తాను.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఫుకుషిమా గురించి. ఫోన్లున్నాయిగా అనే వాళ్లకు జవాబు అక్కడుంది. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి భూకంపం, ఆ తర్వాత గంటలోపే సునామీ. రాత్రి 9:23కి కేంద్రం చుట్టూ మూడు కిలోమీటర్ల లోపు వాళ్లు వెళ్లిపోవాలని ఆదేశం వచ్చింది. కేంద్రం ఉన్న పట్టణంలోనే, ఆ సమయానికి ప్రమాదం సంగతి తెలిసిన వాళ్లు నూటికి ఇరవై మందేనని జపాన్ పార్లమెంటు వేసిన విచారణ సంఘం తేల్చింది. అప్పటికే ఇంటింటా మొబైల్ ఫోన్ ఉన్న దేశం అది. కానీ కరెంటు పోయింది, ఫోన్ లైన్లు తెగాయి, టవర్లు ఆగిపోయాయి. రియాక్టర్‌ను దెబ్బతీసేంత భూకంపమో తుపానో వరదో వస్తే, ఆ ఊళ్లో సెల్ టవర్‌ను మాత్రం వదిలిపెడుతుందా? ఫోన్ అత్యవసరంగా పనిచేయాల్సిన రోజే అది పనిచేయని రోజు కావచ్చు.

సైరన్‌కైనా కరెంటే కావాలి కదా అని అడగొచ్చు. అందుకే ప్రతి సైరన్‌కూ సొంత బ్యాటరీ తప్పనిసరి అంటున్నాను. న్యూయార్క్ దగ్గరి ఇండియన్ పాయింట్ కేంద్రం, బ్యాటరీలున్న కొత్త సైరన్ల వ్యవస్థను గడువులోగా సిద్ధం చేయలేకపోయినందుకు 2007లో నియంత్రణ సంస్థ 1,30,000 డాలర్ల జరిమానా వేసింది. నియంత్రణ సంస్థ అంటే అలా ఉండాలి.

అయితే స్తంభం నిలబెట్టి, బ్యాటరీ పెట్టినంత మాత్రాన పని అయిపోదు. సైరన్ విన్నవాళ్లకు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. మన చుట్టూ ఎవరినైనా అడిగి చూడండి, అణు కేంద్రం సైరన్ మోగితే ఏం చేస్తావని. పారిపోతాం అంటారు. సాధారణంగా చేయాల్సింది అది కాదు. ఇంట్లోకి వెళ్లాలి, తలుపులూ కిటికీలూ మూయాలి, బయటి గాలిని లోపలికి లాగే ఫ్యాన్లూ ఏసీలూ ఆపాలి, రేడియోనో టీవీనో పెట్టి అధికారులు చెప్పేది వినాలి. వెళ్లిపోవాల్సి వస్తే ఏ దారిన, ఎటువైపు వెళ్లాలో వాళ్లే చెప్పాలి, ఎందుకంటే గాలి ఎటు వీస్తోందన్నది కంటికి కనిపించే విషయం కాదు. ఫుకుషిమా పక్కనున్న నామియె పట్టణం వాళ్లలో చాలామంది వాయవ్య దిక్కుకు వెళ్లి తలదాచుకున్నారు. రేడియోధార్మికత ఎక్కువగా పడింది ఆ దిక్కునే. గాలి లెక్కలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి, వాళ్లకు అందలేదు. తొందరపాటు తరలింపు కూడా చంపుతుంది. ఇరవై కిలోమీటర్ల లోపున్న ఆసుపత్రుల నుంచీ వృద్ధుల సంరక్షణ కేంద్రాల నుంచీ తరలించే క్రమంలో ఆ ఒక్క నెలలోనే 60 మంది చనిపోయారని అదే విచారణ సంఘం రాసింది. వాళ్లలో ఎవరినీ రేడియేషన్ చంపలేదు. ఈ మాట ప్రతి అణు కేంద్రం అత్యవసర ప్రణాళికలో మొదటి పేజీలో ఉండాలి.

మోత ఒకటే అయినప్పుడు జనం దాన్ని తమకు తెలిసిన ప్రమాదంగానే అర్థం చేసుకుంటారు. 2023 ఆగస్టులో హవాయిలోని లహైనా పట్టణాన్ని కార్చిచ్చు కాల్చేసినప్పుడు అక్కడి సైరన్లు మోగించలేదు. మోగిస్తే సునామీ అనుకుని జనం కొండవైపు, అంటే మంటలవైపు వెళ్లేవారని అత్యవసర విభాగం అధికారి చెప్పుకున్నాడు. నూరుమందికి పైగా పోయారు. ఆ అధికారి వాదనతో నేను ఏకీభవించను. కానీ ఒకటి మాత్రం నిజం. కూత అర్థం ముందుగా నేర్పని చోట, ఆపద వేళ దాన్ని వాడటానికి అధికారికే ధైర్యం చాలదు.

నేర్పడానికి దారి కష్టమైనదేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో ఏటా ఫిబ్రవరి మొదటి బుధవారం దేశమంతా సైరన్లు పరీక్షిస్తారు. ఫ్రాన్స్‌లో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం మోగిస్తారు. రోజు తెలిసినదే కాబట్టి ఎవరూ కంగారుపడరు, మోగకపోతే మాత్రం అడుగుతారు. చాలాచోట్ల దీనికి విరుద్ధంగా, జనానికి ఇబ్బంది అని చెప్పి శబ్దం రాకుండా సంకేతం మాత్రం పంపే పరీక్షలతోనో, క్షణకాలం గురగురమనిపించే పరీక్షలతోనో సరిపెడుతున్నారు. వాటితో మోటారు తిరుగుతోందని తెలుస్తుంది. నాలుగు కిలోమీటర్ల అవతల పొలంలో ఉన్న మనిషికి వినబడుతోందో లేదో తెలియదు. పెద్ద సైరన్ ముప్పై మీటర్ల దూరంలో 120 డెసిబెల్‌ల దాకా మోగినా, దూరం రెట్టింపైన ప్రతిసారీ పదేసి డెసిబెల్‌లు తగ్గుతాయని లెక్క వేసుకుంటారు. మధ్యలో కొత్త భవనాలు లేచి ఉంటే, గాలి ఎదురుగా ఉంటే ఇంకా తగ్గుతుంది. నిండుగా మోగించి, జనాన్ని అడిగితే తప్ప ఇది తేలదు.

నిజానికి సైరన్ ఉన్నది ఆరుబయట ఉన్నవాళ్ల కోసం. అర్ధరాత్రి కిటికీలు మూసుకుని నిద్రపోయేవాళ్లకూ వినికిడి లేనివాళ్లకూ ఫోన్ వైబ్రేషనే దిక్కు కావచ్చు. అందుకే నేను ఫోన్ వద్దనడం లేదు. రెండూ ఉండాలి, ఒకటి తప్పితే మరొకటి అందుకోవాలి.

ఫోన్‌కైనా సైరన్‌కైనా పొరపాటు జరిగితే వెంటనే సరిదిద్దే ఏర్పాటు ఉండాలి. 2020 జనవరి 12 ఆదివారం ఉదయం కెనడాలో ఒంటారియో అంతటా పికరింగ్ అణు కేంద్రంలో ఏదో జరిగిందంటూ ఫోన్లకు హెచ్చరిక వెళ్లింది. అక్కడ ఏమీ జరగలేదు. పొరపాటున పంపామని మళ్లీ ఫోన్లకు సందేశం పంపడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ రోజూ మర్నాడూ కలిపి థైరాయిడ్ గ్రంథిని కాపాడే పొటాషియం అయోడైడ్ మాత్రలు కావాలని 32,000కు పైగా వినతులు వచ్చాయి. యాభై కిలోమీటర్ల లోపు వాళ్లకు ఆ మాత్రలు అడిగితే ముందునుంచీ ఉచితంగానే ఇస్తున్నారు. భయపడ్డాకగానీ జనానికి గుర్తురాలేదంటే, అంతకుముందు చెప్పాల్సినంత గట్టిగా ఎవరూ చెప్పలేదన్నమాట. రేడియోధార్మిక అయోడిన్ ఒంట్లో చేరకముందో, చేరిన కొద్ది గంటల్లోనో వేసుకుంటేనే ఆ మాత్ర పనిచేస్తుంది. ఆపద వచ్చాక ఆర్డరు పెడితే ఏం లాభం?

కేంద్రాలు నడిపే సంస్థలనూ నియంత్రణ సంస్థలనూ నేను అడిగేది ఇది. ముందే ప్రకటించిన రోజున, ఏడాదికి ఒకసారైనా, సైరన్లన్నీ నిండుగా మోగించండి. ఎన్ని మోగాయో, ఎన్ని మోగలేదో, ఏవి ఎప్పటికి బాగుచేస్తారో జనానికి చెప్పండి. బడిపిల్లలకు ఆ రోజే తలుపులు మూసి రేడియో వినే అభ్యాసం చేయించండి. మాత్రలు ముందుగానే ఇళ్లకు చేర్చండి. ఇవన్నీ జరిగేదాకా ఒక్క స్తంభాన్ని కూడా కదిలించొద్దు.

పత్రికగా మీరు చేయగలిగిన పని కూడా ఒకటుంది. సైరన్ మోగితే ఏం చేయాలో పెద్ద అక్షరాల్లో, గోడకు అంటించుకునేలా ఒక అరపేజీ ప్రచురించండి. ప్రతి పరీక్షకు ముందురోజు దాన్నే మళ్లీ వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు