కథల గంటకి ఏ పుస్తకాలు?

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. లైబ్రరీలో చిన్నపిల్లలకి కథలు చదవడానికి ఒప్పుకున్నావంటే నమ్మలేకపోయాను. నలుగురిలో నోరు విప్పాలంటేనే చెమటలు పట్టేవి కదరా నీకు! సరే, నీ టెన్షనంతా ఏ పుస్తకాలు పట్టుకెళ్లాలన్నదే కాబట్టి దాని గురించే రాస్తాను. గొంతులు మార్చడం, చప్పట్లు కొట్టించడం లాంటివి పిల్లల్ని చూడగానే అవే వస్తాయి.

మంచి పుస్తకం వేరు, గుంపుకి పనికొచ్చే పుస్తకం వేరు. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్క పిల్లకి చూపించేదైతే పేజీ నిండా చీమలూ పురుగులూ ఎన్నున్నా ముచ్చటే, వేలు పెట్టి వెతుక్కుంటుంది. అదే పుస్తకాన్ని పదిహేను మంది ముందు పట్టుకుంటే వెనక వరసకి రంగుల మరక తప్ప ఏమీ కనబడదు. అందుకని పుస్తకాన్ని కుర్చీ మీద తెరిచి నిలబెట్టి, అవతలి గోడ దాకా వెళ్లి చూడు. బొమ్మలో ఎవరు ఏం చేస్తున్నారో అక్కణ్ణించి తెలియకపోతే పక్కన పెట్టెయ్. మధ్య మడత కూడా గమనించు. అసలు పాత్ర మొహం సరిగ్గా ఆ మడతలోకి పోయే పుస్తకాలు బోలెడు. మెరుపు కాగితమైతే లైటు పడి సగం పేజీ తెల్లగా మెరుస్తుంది, కాబట్టి నువ్వు కూర్చోబోయే చోటే ఓసారి తెరిచి చూసుకో.

తర్వాత పైకి చదువు. మనసులో చదువుకుంటే అన్నీ బాగానే ఉంటాయి, నోటితో అంటేనే ఎక్కడ నాలుక తడబడుతుందో తెలుస్తుంది. మూడేళ్లలోపు వాళ్లకి పేజీకి ఒకటి రెండు వాక్యాలు చాలు. అంతకన్నా ఎక్కువుంటే బొమ్మ చూడటం అయిపోయి పక్కవాడి జుట్టు లాగడం మొదలుపెడతారు.

బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలే ఎందుకుంటాయో తెలుసా? పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచి కత్తిరిస్తే మామూలుగా పదహారు పేజీలొస్తాయి. అలాంటివి రెండు కలిపి కుడతారు. ముందున్న పేరూ వివరాలూ పోగా కథకి మిగిలేది ఓ డజను ఎదురెదురు పేజీలు. అంటే పేజీ తిప్పే అవకాశం కూడా అన్నిసార్లే. పుస్తకం ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది అదే. తిప్పబోయే ముందు 'ఇప్పుడేమవుతుంది' అనిపించాలి. అలా అనిపించకపోతే బొమ్మలెంత అందంగా ఉన్నా పిల్లలు కుదురుగా కూర్చోరు.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ పాట్ హచిన్స్ 1968లో చేసిన 'రోజీస్ వాక్'. ఒక కోడి షికారుకి బయల్దేరి పొలమంతా తిరిగి భోజనం వేళకి ఇల్లు చేరుతుంది. మాటల్లో ఉన్నది అంతే, పుస్తకం మొత్తానికీ ఒకటే వాక్యం. బొమ్మల్లో మాత్రం కోడి వెనకే ఒక నక్క! దూకిన ప్రతిసారీ దానికేదో ఒకటి తగులుతుంది. ఒకసారి చెరువులో పడుతుంది, ఒకసారి మూటలోని పిండంతా దాని నెత్తిన పడుతుంది. నక్క అన్న మాట పుస్తకంలో ఎక్కడా లేదు. నువ్వూ అనకు. ఏమీ ఎరగనట్టు తాపీగా కోడి సంగతి చదువుతూ పో. ముందు ఒకడు లేచి నిలబడతాడు, తర్వాత గదంతా 'వెనక! వెనక!' అని అరుస్తుంది. పెద్దవాడికి తెలియనిది తమకి తెలిసిందన్న సంబరం చూడాలి వాళ్ల మొహాల్లో. పుస్తకాలు ఏరేటప్పుడు ఇలా బొమ్మకి ఒక సంగతీ మాటకి ఒక సంగతీ ఉన్నవాటి కోసం వెతుకు.

నీతి పుస్తకాలు నీకు చాలామంది తెచ్చిస్తారు, పళ్లు తోముకోవాలి, బొమ్మలు పంచుకోవాలి అంటూ. దండం పెట్టి తీసుకో, చదవకు. చివరి పేజీలో పాఠం ఉందని పిల్లలు మొదటి పేజీలోనే పసిగట్టేస్తారు.

చదివిందే మళ్లీ చదవమంటే విసుక్కోకు. 2011లో మూడేళ్ల పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొత్త మాటలు అన్నేసిసార్లే విన్నా, వేర్వేరు కథల్లో విన్నవాళ్ల కన్నా ఒకే కథ మళ్లీ మళ్లీ విన్నవాళ్లకి అవి బాగా వచ్చాయట. కాబట్టి వారం వారం అన్నీ కొత్తవే వెతుక్కోనక్కర్లేదు. ఒక పాతది ఉంచి, మిగతావి మార్చు.

లోపల అట్టముక్కలు ఎత్తి చూసే పుస్తకాలు గుంపులో వద్దు. ఒకడు ఎత్తితే అందరూ మీద పడతారు, అట్టముక్క నీ చేతికొస్తుంది. పొడుగాటి కథ ముందు చదివెయ్, ఓపిక ఉండగానే. పల్లవిలా ఒకే మాట తిరిగి తిరిగి వచ్చేది తర్వాత, దాన్ని వాళ్లచేతే అనిపించు. అనుకున్నదానికన్నా ఒకటి ఎక్కువ పట్టుకెళ్లు. ఏదైనా అతకకపోతే సగంలో మూసి 'చివరికి ఇంటికెళ్లిపోయారు' అనేసెయ్, ఎవరూ అడగరు.

అన్నిటికన్నా ముఖ్యం, నీకు నచ్చని పుస్తకం మొహమాటానికి కూడా చదవకు. నీ గొంతులోనే తెలిసిపోతుంది.

మొదటి రోజుకి ఏవేవి అనుకున్నావో పేర్లు రాయి. వాటిలో రైళ్ల పుస్తకం తప్పకుండా ఉంటుంది, నీ సంగతి నాకు తెలీదా! అది గోడ దగ్గర్నుంచి కనబడిందో లేదో కూడా రాయి.

నీ
నేను